మిషనుకు తీసిన దిష్టి

ఏటిగడ్డపల్లెలో ఎవరికి ఒళ్ళు బాగాలేకపోయినా ముందు గంగులమ్మ గడప తొక్కేవాళ్ళు, ఆ తర్వాతే రేణిగుంట డాక్టరు. పాలు కక్కే పసిబిడ్డ, పాలు చేపని ఎనుము, పెళ్ళిచూపులైన మర్నాడే జ్వరంతో మంచం పట్టిన పిల్ల, మోపెడ్ బండి కొన్న వారానికే కాలు విరగ్గొట్టుకున్న మొనగాడు, అందరూ ఆమె చేతి కిందికి రావలసినవాళ్ళే. ఊళ్ళో దిష్టి తీసేవాళ్ళు వేరే లేక కాదు. గంగులమ్మ తీస్తే ఇట్టే పోతుందని పేరు. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే చేతిలో గుణం పోతుందని తీసుకునేది కాదు. వక్కాకు ఇస్తే మాత్రం కాదనేది కాదు.

ఆమె పద్ధతి ఆమెది. పిడికిళ్ళ నిండా రాళ్ళ ఉప్పు పట్టుకుని, మనిషిని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, తల చుట్టూ తిప్పి, చెంబుడు నీళ్ళలో వేసేది. కొంచెం మిరపకాయలు నిప్పుల్లో వేసేది. ఉప్పు కరిగేదాకా చెంబు దగ్గర్నుంచి కదిలేది కాదు. కరిగాక ఆ నీళ్ళు ఎవరూ తొక్కని చోట పారబోసి వచ్చేది. ఉప్పు కరిగినట్టు దిష్టి కరగాలి, అంతే. బడి మొహం చూడని మనిషి. లోకంలో చాలా సంగతుల మీద ఆమెకు అనుమానాలున్నాయి. చంద్రుడి మీద మనుషులు నడిచారంటే నమ్మలేదు. ఉప్పు నీళ్ళలో కరుగుతుందన్న దాని మీద మాత్రం ఆమెకే కాదు, మీకూ నాకూ కూడా అనుమానం లేదు.

ఇక ఆ ఊరి నీళ్ళ సంగతి. రేణిగుంట దాటి కాళహస్తి దోవలో, ఊరికి ఎగువన ఒక మందుల ఫ్యాక్టరీ వచ్చింది. మందులంటే జబ్బు నయం చేసేవే. తయారయ్యేటప్పుడు మిగిలిన మడ్డి నీళ్ళు మాత్రం ట్యాంకర్లలో వచ్చి, ఊరి పక్కన పాత క్వారీ గుంటలో పడేవి. మొదట ఆ గుంటలో కప్పలు చచ్చాయి. తర్వాత ఊరి బోర్లలో నీళ్ళకు రంగు వచ్చింది, నురగ వచ్చింది. నోట్లో పోసుకుంటే ఉప్పగా, చేదుగా ఉండి నాలుకకు జిగట అంటుకునేది. సంగటి ముద్ద విరిస్తే మందుల వాసన. గంగులమ్మ ఎనుములు రెండూ ఒకదాని వెనక ఒకటి కడుపుబ్బి పోయాయి. వాటికి ఆమె తీసిన దిష్టికి లెక్కలేదు. తన చెయ్యి ఓడిపోయింది ఆ రెండింటి దగ్గరే.

రెండు వేల ఒకటో సంవత్సరంలో ఊరు ఊరంతా చిత్తూరుకు పోయి కలెక్టరు ఆఫీసు ముందు కూర్చోవాలని నిర్ణయించుకుంది. కబురు ఎలా పొక్కిందో, ఫ్యాక్టరీ మేనేజరు జయరావు జీపు వేసుకుని వచ్చాడు. బడి వసారాలో అందర్నీ కూర్చోబెట్టాడు. పక్కనే కళ్ళద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి ఒకతను నిలబడి ఉన్నాడు. ఇంజినీరు బాలసుబ్రమణ్యం, చిత్తూరు వాడే, మద్రాసులో చదువుకున్నాడు.

"కొత్త మిషను తెస్తున్నాం. ఇటు విషం పోస్తే అటు మంచినీళ్ళు వస్తాయి. ఈ సారు దాని కోసమే వచ్చారు. మాకు కొంచెం టైమివ్వండి, అది నిలబడితే గుంటలో ఒక్క చుక్క పొయ్యం," అన్నాడు జయరావు. ఇంజినీరు తల ఊపాడు.

గంగులమ్మ మొగుడు సుబ్బన్న లేచాడు. "ఎద్దు ఈనిందంటే గాట్లో కట్టేయమన్నట్టు ఉండాది సార్ మీ మాట. విషం పోస్తే నీళ్ళెట్లా వస్తాయి?"

నవ్వులు లేచాయి. జయరావు కూడా నవ్వి, నమ్మకపోతే మీ ఊరి మనిషినే ఒకరిని మిషను దగ్గర పనిలో పెట్టుకుంటాం, కళ్ళారా చూసి వచ్చి మీకు చెప్తారు, అన్నాడు. అప్పటికే ఊరివాడు మునికృష్ణ ఆ ఫ్యాక్టరీలో ఫిట్టరు. పెళ్ళయి పిల్లలున్నవాడు, రుక్మిణమ్మ కొడుకు. కానీ వాడు ఫ్యాక్టరీ జీతం తినేవాడు కనుక వాడి మాట చెల్లదన్నారు. ఊరు గంగులమ్మను పంపింది. ఆమె అబద్ధం చెప్పదని అందరికీ తెలుసు.

మిషను చూసి గంగులమ్మ ముందు నిరాశపడింది. రేకుల షెడ్డులో ఒత్తిడి చూపే గేజీలు, పంపు, చుట్టలు చుట్టిన గొట్టాలు. అసలు పని జరిగే గొట్టం బొటనవేలంత లావు. గోడ మందం పోగా లోపలి బొక్కలో చిటికెనవేలు కూడా దూరదు. ఊరిని ముంచిన విషాన్ని ఇదా తాగేది అనుకుంది. ఆమె పని షెడ్డు ఊడవడం, గాజు సీసాలు కడగడం, తొట్లో డ్రమ్ముల మడ్డినీ శుద్ధి చేసిన నీళ్ళనీ పోసినప్పుడు పెద్ద తెడ్డుతో కలపడం. ఆ తొట్టి నీళ్ళే పంపు గుంజుకుని గొట్టంలోకి తోసేది. డ్రమ్ములన్నీ ఫ్యాక్టరీలో ఒకే మూల నుంచి ఏరి తెచ్చేవాళ్ళు. ఎందుకని ఆమె అడగలేదు.

మొదటిసారి మిషను నడిచిన రోజు ఆమె నోరు తెరిచింది మూయలేదు. ఇటు తొట్లో బెల్లప్పాకం రంగు నీళ్ళు, ముక్కు పగిలే కంపు. అటు చివర సన్నటి గొట్టం కింద గాజు జాడీలో పడుతున్నది తేటనీళ్ళు. వంగి వాసన చూసింది. ఏమీ లేదు. మధ్యలో మంటా లేదు, పొగా లేదు.

"యాడికి పోయింది సార్ ఆ కంపంతా?"

"కాలిపోయిందమ్మా. నీళ్ళల్లోనే."

"నీళ్ళల్లో కాలేదేంది సార్?"

"నీళ్ళను ఊపిరాడకుండా నొక్కిపెట్టి బాగా కాగబెడితే అది నీళ్ళు మాదిరి ఉండదు, ఆవిరి మాదిరీ ఉండదు. మూడో రకం అయిపోతుంది. దాంట్లోకి గాలి పంపితే విషం అట్లే కాలిపోతుంది," అన్నాడు బాలసుబ్రమణ్యం. అతని ముఖంలో మొదటి కాన్పు బిడ్డను ఎత్తుకున్న తండ్రి సంబరం ఉంది.

ఆ సాయంత్రం గంగులమ్మ ఊరికి పరుగెత్తినట్టే వచ్చింది. బడి వసారాలో నిలబడి, ఎనుములు పోయినప్పుడు కూడా ఏడవనిది, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. "నేను సూసినా. నా కండ్లతో సూసినా. మిషను తాగేస్తాది మన గుంటను. చిత్తూరు పోవద్దు. కొన్నాళ్ళు ఆగండి, నా మాటిది." ఊరు ఆగింది. ఆమె మాట మీదనే ఆగింది. అప్పటి నుంచి ఆ మిషను బాగోగులు ఆమె మెడకు చుట్టుకున్నాయి.

మిషను బాగా నడుస్తోందని తెలిసి చూసేవాళ్ళు మొదలయ్యారు. తిరుపతి కాలేజీల వాళ్ళు, మద్రాసు వాళ్ళు, కొండకు వచ్చి పనిలో పనిగా తొంగిచూసి పోయే కంపెనీ బంధువులు. వచ్చిన ప్రతివాడూ జాడీ వైపు చూసి "అబ్బ, ఎంత తేటగా ఉందో" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా గంగులమ్మ మెటికలు విరిచేది. పిల్ల ఎర్రగా ఉందని పదిమంది అంటే ఆ పిల్ల మంచం పట్టదా? ప్రారంభం రోజు గుమ్మడికాయ కొట్టింది నిజమే, కానీ అది గేటు బయట. లోపల కర్పూరం వెలిగించనివ్వలేదు. గేటు దగ్గరే అగ్గిపెట్టెలు, బీడీలు లాక్కునే చోటు అది. మిరపకాయలు నిప్పుల్లో వేద్దామన్నా నిప్పెక్కడిది?

కాబట్టి ఉప్పు. అదీ ఏ నీళ్ళలో వేయాలి? చెంబులో వేసి బయట పారబోద్దామంటే షెడ్డు చుట్టూ తొక్కని చోటు లేదు, కాలుపెట్టని మనిషి లేడు. ఆమె బాగా ఆలోచించింది. తొట్లో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళను ఎవరూ తొక్కరు. అవి నేరుగా కాగే గొట్టంలోకి పోతాయి. ఇంటి దగ్గర ఉప్పుకు నీళ్ళు వేరే, మిరపకాయలకు నిప్పు వేరే. ఇక్కడ రెండూ ఒక్కచోటే. ఇంతకంటే మంచి చోటు దిష్టికి ఇంకెక్కడ దొరుకుతుంది? మర్నాడు పొద్దున, అందరూ కాఫీకి పోయినప్పుడు, చెంగున కట్టుకొచ్చిన రాళ్ళ ఉప్పు పిడికిళ్ళలో పట్టి, మిషను చుట్టూ తిరిగి, "ఇరుగుదిష్టి, పొరుగుదిష్టి, వచ్చినోళ్ళ దిష్టి, పొయ్యినోళ్ళ దిష్టి, నా కండ్ల దిష్టి" అని తొట్లో వేసింది. తెడ్డుతో కలిపింది. ఉప్పు కరిగిపోయింది. ఆమె మనసు కుదుటపడింది.

ఆ మధ్యాహ్నమే మిషను మొరాయించింది. గొట్టంలో ఏదో అడ్డం పడి, గేజి ముల్లు పైకి పోయి, పంపు ఆపేయాల్సి వచ్చింది. చల్లార్చారు. మామూలు నీళ్ళు పట్టి కడిగారు. మునికృష్ణ మరలు విప్పి గొట్టంలోకి లైటు వేసి చూస్తే లోపల అద్దంలా ఉంది. ఏమీ లేదు. బిగించారు, నడిపించారు. మళ్ళీ కాగిన కొంతసేపటికి అడ్డం. మళ్ళీ చల్లార్చి కడిగి విప్పితే మళ్ళీ శుభ్రం.

"ఇదేందో నాకు అర్థం గాలేదత్తా," అన్నాడు మునికృష్ణ అన్నం తినేటప్పుడు. "కాగితే మూసుకుంటాది, సల్లారితే తెరుసుకుంటాది. లోపల ఎవురో ఉన్నట్టే ఉండాది."

కనబడకుండా వచ్చి, వెతికితే దొరకకుండా పోయేది ఏమిటో గంగులమ్మకు తెలియదా? బాగా తగిలింది, చారెడు ఉప్పుకు పొయ్యేది కాదనుకుంది. మర్నాడు ఎక్కువ వేసింది. ఆ తర్వాత ఇంకా ఎక్కువ. మిషను ఎంత తొందరగా ఆగితే ఆమె అంత ఉప్పు తెచ్చేది. ఇంట్లో ఉప్పు కుండ ఖాళీ అవుతుంటే సుబ్బన్న అడిగాడు, ఊరగాయ పెడతా ఉండావా ఏంది అని. ఆమె కుండ మీద మూత పెట్టేసింది. తీసిన దిష్టి సంగతి బయటకు చెప్పకూడదు, చెబితే తిరిగి వస్తుంది.

బాలసుబ్రమణ్యం చిక్కి సగమయ్యాడు. పంపు మార్చాడు, గేజీలు మార్చాడు, గాలి పంపే యంత్రాన్ని తిట్టాడు. ఏరి తెచ్చిన డ్రమ్ముల మీదా, శుద్ధి చేసిన నీళ్ళ మీదా మాత్రం అతనికి అనుమానం రాలేదు. అవి తనే స్వయంగా పరీక్షించి పెట్టినవి. పెద్ద చదువు చదివినవాడు కదా, తొట్టి మూత తెరిచి ఇంకొకరు ఏమైనా వేస్తారని ఎందుకు అనుకుంటాడు? గంగులమ్మ అతనికీ ఒకరోజు వెనకనుంచి చెయ్యి తిప్పి దిష్టి తీసింది. అది అతనికి తెలియదు.

హైదరాబాదు నుంచి కాలుష్యం ఆఫీసర్లు వస్తున్నారన్నారు. వాళ్ళ ఎదుట మిషను ఆగకుండా నడిస్తే దీన్ని చూసి కట్టబోయే పెద్ద మిషనుకు అనుమతి, లేకపోతే మూటాముల్లె కట్టడమే. వాళ్ళు వచ్చే రోజు పొద్దున గంగులమ్మ తలస్నానం చేసి, గంగమ్మకు మొక్కుకుని, కొంగు నిండా ఉప్పు కట్టుకుని పోయింది. అంతా వేసింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా తెడ్డు తిప్పింది.

ఆఫీసర్లు కుర్చీల్లో కూర్చున్నారు. జాడీలోకి తేటనీళ్ళు పడుతుంటే ఒకాయన ఫోటో తీసుకున్నాడు. గంగులమ్మ షెడ్డు గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడి చూస్తోంది. ధార సన్నబడింది. చుక్కలయింది. పంపు గొంతు మారింది. బాలసుబ్రమణ్యం "ఆపు" అని లేచాడు. మునికృష్ణ పంపు వైపు ఒక అడుగు వేశాడు.

పిడుగు పడినట్టు మోగింది. ఒత్తిడి మితి మీరితే తనే చినిగి మిషనును కాపాడడానికి పెట్టిన పలుచటి రేకు చినిగింది, ఆ మోత అది. అదొక్కటైతే సరిపోయేది. ఆ అదురుకు పక్కనున్న అతుకు ఒకటి సడలి, తెల్లటి ఆవిరి కత్తిలా అడ్డంగా వచ్చింది. షెడ్డంతా తెల్లబడింది. కుర్చీలు పడ్డ చప్పుడు, పరుగులు. ఆవిరి విడిపోయేసరికి మునికృష్ణ నేలమీద కూర్చుని తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. అరవలేదు. మోచేతి నుంచి కిందికి తోలు తడిసిన కాగితంలా వేలాడుతోంది. అది తన చెయ్యేనా అన్నట్టు చూసుకుంటున్నాడు. అత్తా అని వాడు పిలిచాక గానీ గంగులమ్మ కదల్లేదు.

వాణ్ణి జీపులో తిరుపతి ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆఫీసర్లు ఎప్పుడు పోయారో ఎవరూ చూడలేదు.

మర్నాడు షెడ్డులో ఇద్దరే. బాలసుబ్రమణ్యం ముఖం కడుక్కోకుండా వచ్చాడు. ఈసారి గొట్టాన్ని చల్లార్చి కడగలేదు. పేలగానే నీళ్ళన్నీ ఆవిరై పోయి లోపల పొడిగా ఆరి ఉంది. ఉన్నదున్నట్టు రంపంతో తనే కోశాడు. గంగులమ్మ నేల ఊడుస్తోంది.

రంపం ఆగింది. ఎంతసేపటికీ మళ్ళీ మొదలు కాకపోతే తలెత్తి చూసింది. అతను కోసిన ముక్కను కిటికీ వైపు తిప్పి చూస్తున్నాడు. బొక్క లేదు. గచ్చు చేసినట్టు తెల్లగా గట్టిగా నిండిపోయి ఉంది. సూదితో కొంచెం గీరి, గాజు గొట్టంలో శుద్ధి నీళ్ళు పోసి వేశాడు. వెంటనే కరిగింది. చిన్న సీసాలోంచి పరీక్ష మందు రెండు బొట్లు వేశాడు. నీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాయి.

"ఉప్పు," అన్నాడు. తనకు తను చెప్పుకున్నట్టు. "వంటింట్లో ఉప్పు. ఇది యాడిది? నేను ఉప్పు లేని డ్రమ్ములే ఏరి తెస్తా ఉంటే ఇంత ఉప్పు యాడిది?"

గంగులమ్మకు ముందు నవ్వే వచ్చింది. "ఉప్పయితే అడ్డం పడేదేంది సార్? నీళ్ళల్లో కరిగిపోతాది గదా. నేను కలుపుతానే సూసినా, కరిగిపోయింది."

అతను ఆ మాటను సరిగా వినలేదు. పాఠం చెప్పే అలవాటున్న మనిషి, అలవాటుగానే చెప్పుకుపోయాడు. "తొట్లో కరుగుతుందమ్మా. మనం తాగే నీళ్ళకు ఉప్పంటే ప్రాణం. కానీ మొదటిరోజే చెప్పినా గదా, అంత ఒత్తిడిలో అంత కాగితే అది మన నీళ్ళు కాదు. నూనెను కలుపుకుంటుంది, గాలిని కలుపుకుంటుంది, ఉప్పును మాత్రం రానీదు. కరిగి ఉన్నదాన్ని కూడా బయటికి తోసేస్తుంది. అది గొట్టం గోడకు పేరుకుంటుంది. మనం సల్లార్చి నీళ్ళు పెడితే మళ్ళీ మామూలు నీళ్ళే గదా, కరిగి కొట్టుకుపోతుంది. అందుకే విప్పినప్పుడల్లా ఏమీ కనబడలా…" ఆగాడు. ఆమె వైపు తిరిగాడు. "ఏమన్నావు? కలుపుతానే చూసినావా?"

గంగులమ్మ చేతిలోంచి చీపురు జారింది. ఉప్పును రానీయని నీళ్ళు. కరిగిన ఉప్పును కక్కే నీళ్ళు. తన కళ్ళ ముందు కరిగిపోయిన ఉప్పు, పోయిందనుకున్న ఉప్పు, గొట్టం లోపల మళ్ళీ రాయి అవుతోంది. తను వేసిన ప్రతి పిడికిలీ. ఆగినకొద్దీ ఇంకొంచెం, ఇంకొంచెం. నిన్న కొంగు నిండా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ నాలుక మునికృష్ణ చెయ్యి.

"నేనే ఏసినా సార్," అంది.

"ఏంది?"

"ఉప్పు. దిష్టి తీసి తొట్లో ఏసినా. ప్రతిరోజూ. ఆగిపోయినప్పుడల్లా ఎక్కువ ఏసినా."

బాలసుబ్రమణ్యం కళ్ళద్దాలు తీశాడు. తిడతాడని ఆమె తల వంచి నిలబడింది. అతను నవ్వబోయాడు, రాలేదు. గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆమె కూడా అక్కడే నేలమీద కూర్చుంది. బయట ఎవరో లారీ వెనక్కి తీస్తున్నారు.

ఆమెకు పట్టుకోవడానికి ఒక్కటే మిగిలింది. "సార్, నన్ను పనిలోంచి తీసెయ్యండి. పోలీసులకైనా చెప్పండి. మిషనులో తప్పు లేదు గదా. నాదే గదా తప్పు. ఇంక నేను ఈ సాయకు రాను. మళ్ళీ నడిపించండి. మా గుంట నీళ్ళు పోసి నడిపించండి, మా ఊరు బతుకుతాది."

అతను కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆమె ముఖం వైపు చూడలేదు.

"ఏం సార్?"

"మీ గుంట నీళ్ళు దీనికి పనికిరావమ్మా."

"ఎందుకు పనికిరావు?"

"దాంట్లో ఉప్పు ఉంది. ఫ్యాక్టరీలో సగం మందులు చేసేటప్పుడు చివరికి మిగిలేది ఉప్పే. నువ్వేసిన పిడికిళ్ళు దాని ముందు ఏపాటివి? ఆ నీళ్ళు పోస్తే ఈ గొట్టం పొద్దు తిరిగేదాకా కూడా నిలవదు."

గంగులమ్మకు ఇంట్లో చెంబుడు నీళ్ళు నోట్లో పోసుకున్నట్టే అయింది. ఉప్పగా, చేదుగా. ఇన్నేళ్ళూ రోజూ నాలుక చెబుతూనే ఉంది. ఈ మాట వినేదాకా బుర్రకు ఎక్కలేదు.

"అందుకా, ఉప్పు లేని డ్రమ్ములు ఏరి తెచ్చింది?"

"ముందు ఉప్పు లేనిదాంతో నిలబెడదామనుకున్నా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గదా. తర్వాత ఉప్పు సంగతి సూసుకుందామనుకున్నా."

"తర్వాతంటే ఎప్పుడు?"

"ఏమో అమ్మా. దీనికి దారి కోసం పెద్ద పెద్ద దేశాల్లోనే ఇంకా వెతుకుతా ఉండారు."

ఆమె అతని వైపు చూసింది. కోపం కాదు అది. విన్నది నమ్మలేని చూపు. "మా బడి వసారాలో జయరావు సారు ఆ మాట చెప్పినప్పుడు మీరు పక్కనే ఉండారు గదా సార్. తల ఊపినారు గదా."

బాలసుబ్రమణ్యం చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏదో ఒకటి చెప్పేవాడు.

ఇద్దరూ పోయి జయరావుకు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆయన విని మేజాబల్ల మీద చెయ్యి వేసి ఊపిరి వదిలాడు. ముఖంలో బరువు దిగిన జాడ. "పోనీలే. ప్రయత్నం చేశాం, సాంకేతిక కారణాల వల్ల కుదరలేదని పైకి రాసేస్తాం. మిషను వెనక్కి పంపించేద్దాం." గంగులమ్మ వైపు తిరిగి దయగా అన్నాడు. "నువ్వేం భయపడొద్దమ్మా. తెలియక చేశావు. నీ పని నీకుంటుంది. ఊళ్ళో మాత్రం ఈ గొడవంతా ఎందుకు, మిషను చెడిపోయిందని చెప్పు చాలు."

చేసిన పాపానికి చెప్పుతో కొట్టి ఉంటే ఆమె తట్టుకునేది. ఆ దయనే తట్టుకోలేకపోయింది. కావలసింది ఇదే వీళ్ళకు. మిషను నడిచినా, ఆగినా, మధ్యలో దొరికిన కాలమంతా ట్యాంకర్లు గుంటకు పోతూనే ఉన్నాయి. ఆ కాలాన్ని సంపాదించి పెట్టింది తన నోరు. ఉప్పు వేసిన చేతి కంటే, చిత్తూరు పోవద్దని ఊరిని ఆపిన ఆ నోరే ఎక్కువ చెరుపు చేసింది.

ఊరికి పోయి ముందు తన ఇంటికి పోలేదు. రుక్మిణమ్మ ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చి, కొడుకుకు గంజి కాస్తోంది. గంగులమ్మ గడప బయటే నిలబడి చెప్పింది. ఉప్పు సంగతి దాచలేదు. రుక్మిణమ్మ గరిటె పట్టుకునే విన్నది. వీళ్ళిద్దరూ ఒకే యేడు ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. మునికృష్ణ పసివాడప్పుడు పాలు కక్కితే రుక్మిణమ్మ దిష్టి తీయించింది ఈ చేత్తోనే.

"వాడి సెయ్యి ఇంక పానా పట్టుకోదంట," అంది రుక్మిణమ్మ. "పో మే. నా కండ్ల ముందర నిలబడొద్దు."

బడి వసారాలో మిగతాది చెప్పింది. మిషను చెడిపోలేదని, అది ఎప్పుడూ మన నీళ్ళ కోసం రాలేదని. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. సుబ్బన్న అడిగాడు. "అయితే ఇన్నాళ్ళూ మనం దేనికోసరం ఆగినాం మే?" ఒక్కొక్కరే లేచి పోయారు.

తెల్లవారి గంగులమ్మ పనికి పోలేదు. క్వారీ గుంటకు పోయే బాట రోడ్డు నుంచి చీలే చోట, బాట నడిమధ్యన కూర్చుంది. ఎవరినీ పిలవలేదు, పిలిచే మొహం లేదు. ఎండెక్కుతుండగా ట్యాంకరు వచ్చి ఆమె ముందు ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు. దిగి వచ్చి బతిమాలాడు. మళ్ళీ ఎక్కి ఇంజను గర్రుమనిపించి, చక్రాలు ఆమె దగ్గరగా జరిపాడు. ఆమె లేవలేదు. భయం లేక కాదు.

ఊరి వైపు నుంచి ఒక మనిషి నడిచి వస్తోంది. దగ్గరకు వచ్చాక గానీ గంగులమ్మ పోల్చుకోలేదు, పోల్చుకున్నాక తల ఎత్తలేదు. రుక్మిణమ్మ చేతిలో గంజి క్యారియరు ఉంది. ఆస్పత్రికి పోయే బస్సు కోసం బయలుదేరినట్టుంది. క్యారియరు బాట పక్కన పెట్టి, ట్యాంకరు ముందుకు వచ్చి, గంగులమ్మకు మూరెడు ఎడంగా, అటు తిరిగి కూర్చుంది.

"నీతో మాట్లాడను," అంది. "నేను కూసునేది నీళ్ళ కోసరం."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.